రక్త క్యాన్సర్ – రోగి సొంత కణాలే ఔషధం

"రక్తంలో క్యాన్సర్ ఉన్నదని చెప్పారు. తిప్పతీగతో గాని, అశ్వగంధతో గాని రోగనిరోధక శక్తిని పెంచితే తగ్గుతుంది కదా?" మైలవరంలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నాకు ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు వైపుల నుండి వచ్చే వారిలో కొందరు విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో చేయించిన పరీక్షల కాగితాలు వెంట తెస్తారు. ఇటీవలి కాలంలో దీనికి తోడు మరొక ప్రశ్న కూడా వినవస్తున్నది. "రోగి రక్తంలోని కణాలనే బయటకు తీసి, మార్చి, తిరిగి ఎక్కించే వైద్యం వచ్చిందట. అది కూడా నిరోధక శక్తిని పెంచడమే కదా? ఆ పని మన మూలికలు చేయవా?" అని అడుగుతున్నారు.

ఈ రెండు ప్రశ్నల వెనుక ఒకే అపోహ ఉన్నది. రక్త క్యాన్సర్ సోకిన శరీరం బలహీనపడినందువల్లనే వ్యాధిని ఎదిరించలేకపోతున్నదని చాలామంది తలుస్తారు. ప్రధానంగా అక్కడ లోపించినది గుర్తింపు. రక్షణ కణాలు శత్రువును శత్రువుగా పోల్చుకొనలేకపోతున్నాయి. ఆ గుర్తింపును కల్పించేదే కార్-టి కణ చికిత్స. ఈ భేదాన్ని తెలుసుకున్న కుటుంబం ఏ వైద్యానికి ఎప్పుడు వెళ్లాలో సరిగా నిర్ణయించుకోగలుగుతుంది. తెలియని కుటుంబం విలువైన వారాలను పోగొట్టుకుంటుంది. కావున ఈ నెల పాఠంలో ఈ విషయాన్ని మొదటి నుండి వివరించదలచాను.

రక్తం పుట్టే చోటు

సుశ్రుతాచార్యుడు రక్తమును దేహానికి మూలాధారంగా పేర్కొన్నాడు. రసధాతువు యకృత్తు, ప్లీహములను చేరి రక్తధాతువుగా మారుతుందని ప్రాచీనులు భావించారు. గర్భస్థ శిశువులో కొంతకాలం కాలేయం, ప్లీహములే రక్తకణాలను తయారు చేస్తాయని ఆధునిక శాస్త్రం కూడా చెబుతున్నది. అయితే పుట్టిన తరువాత ఆ పని ఎముకల లోపలి మూలుగకు సంక్రమిస్తుంది. ఆరోగ్యవంతుని మూలుగ దినమునకు దాదాపు 20 వేల కోట్ల ఎర్రకణాలను ఉత్పత్తి చేస్తుంది. ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు, రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు, రోగాలతో పోరాడే తెల్లకణాలు అన్నీ అక్కడ పుట్టేవే.

ఈ ఉత్పత్తిలో ఒక కణం జన్యువులు దెబ్బతిని, పరిపక్వం కాకుండానే అదుపు లేకుండా విభజన చెందనారంభిస్తే రక్త క్యాన్సర్ ఏర్పడుతుంది. ఇందులో ముఖ్యమైనవి మూడు రకాలు. మూలుగలోను, రక్తంలోను అపరిపక్వ తెల్లకణాలు నిండిపోతే ల్యుకేమియా అంటారు. మెడ, చంక, గజ్జలలోని లింఫు గ్రంథులలో పెరిగితే లింఫోమా అంటారు. యాంటీబాడీలను తయారు చేసే ప్లాస్మా కణాలు మూలుగలో అతిగా పెరిగితే మల్టిపుల్ మైలోమా అంటారు. చెడు కణాలు మూలుగను ఆక్రమించినప్పుడు మంచి కణాలకు చోటు దక్కదు. అందువలననే రోగి పాలిపోతాడు, చిగుళ్ల నుండి రక్తం కారుతుంది, జ్వరాలు విడువకుండా వస్తాయి.

వ్యాధిక్షమత్వం అనగా ఏమి?

వ్యాధిక్షమత్వం అనే మాటను చరకసంహిత వాడినది. దానికి వ్యాఖ్య రచించిన చక్రపాణిదత్తుడు రెండు అర్థాలు చెప్పాడు. పుట్టిన వ్యాధి బలాన్ని ఎదిరించడం ఒకటి, వ్యాధి పుట్టకుండానే అడ్డుకొనడం రెండవది. మన రసాయన ఔషధాలన్నీ ఈ భావన చుట్టూనే అల్లుకొని ఉన్నాయి. అయితే నేటి శరీరశాస్త్రం ఈ రెండింటికీ ముందు మరొక మెట్టు ఉన్నదని చూపినది. ఎదిరించడానికైనా, అడ్డుకొనడానికైనా ముందు ఎదుటి వాడెవడో తెలియాలి.

మన తెల్లకణాలలో టి కణాలు అనేవి సైనికుల వంటివి. ఇవి మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ అనే గ్రంథిలో శిక్షణ పొందుతాయి. సొంత శరీర భాగాల మీద తిరగబడే స్వభావం గల టి కణాలలో అధిక భాగం అక్కడే తొలగించబడతాయి. ఇది ప్రకృతి చేసిన మంచి ఏర్పాటు. ఇది లేకపోతే మన కీళ్లను, చర్మాన్ని, మూత్రపిండాలను మన సైన్యమే ధ్వంసం చేస్తుంది.

కాని ఈ ఏర్పాటే క్యాన్సర్‌కు అనుకూలిస్తుంది. రక్త క్యాన్సర్ కణం బయటి నుండి వచ్చిన సూక్ష్మజీవి కాదు. అది మన మూలుగలో పుట్టిన మన బిడ్డే. దాని ఒంటి మీద మన గుర్తులే ఉంటాయి. అదీగాక తన ఆనవాళ్లను దాచుకొనే ఉపాయాలు కూడా దానికి తెలుసు.

వరిచేలో ఊద మొలిచిన సంగతి రైతులందరికీ తెలుసు. లేత దశలో ఊద మొక్క, వరి మొక్క ఒకే తీరుగా ఉంటాయి. ఊద ఉన్నదని యూరియా ఎక్కువ చల్లితే వరితో పాటు ఊద కూడా ఏపుగా పెరుగుతుంది. అప్పుడు కావలసినది ఎరువు కాదు, కణుపు చూసి ఊదను పోల్చి పెరికే చేయి. రక్త క్యాన్సర్ విషయంలోను ఇదే న్యాయం వర్తిస్తుంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు ఇచ్చిన ఆయుధం

ఈ మాట కేవలం ఉపమానం కాదు. వైద్య చరిత్రలో నిజంగా జరిగినది. ఆ చరిత్రలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, ఆ పిమ్మట డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించాడు. ఆయుర్వేద విద్యార్థులకు పాఠం చెప్పిన ఈ వ్యక్తి 1920ల ఆరంభంలో అమెరికా చేరి, హార్వర్డ్‌లో పరిశోధన సాగించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగింది. రక్తహీనతకు నేడు గర్భిణులందరికీ ఇస్తున్న విటమిన్ ఇదే.

రక్తానికి ఇంత మేలు చేసే పదార్థం ల్యుకేమియా పిల్లలకు కూడా మేలు చేయవచ్చునని భావించి, బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను వారికి ఇచ్చి చూశాడు. మూలుగలో వ్యాధి తగ్గడానికి బదులు వేగం పుంజుకున్నట్లు ఆయన గమనించాడు. రక్తవర్ధకమైన పదార్థం చెడు రక్తకణాన్ని కూడా పోషించినదన్న మాట. వెంటనే ఆయన ఆలోచనను తిరగవేశాడు. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పని చేసే ఔషధం కావాలనుకున్నాడు. దానిని అందించినది సుబ్బారావు బృందమే. దాని పేరు అమినాప్టెరిన్. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకకు తగ్గింది. అప్పటి వరకు ఏ మందుకూ లొంగని వ్యాధి అది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్ సమీపంలో కన్నుమూశాడు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో ముఖ్య ఔషధంగా నిలిచి ఉన్నది.

కీమోథెరపీ అనే ఈ మార్గంలో ఒక పరిమితి కలదు. వేగంగా విభజన చెందే కణాలన్నింటినీ అది దెబ్బతీస్తుంది. జుట్టు రాలడం, నోటిపూత, వాంతులు ఇందువలన కలిగేవే. ఊదతో పాటు కొంత వరిని కూడా నష్టపోక తప్పదు. మంచి చెడులను పోల్చి చూసే చికిత్స కొరకు అన్వేషణ అక్కడి నుండే సాగింది.

కార్-టి కణం ఎట్లా పని చేస్తుంది?

కార్ అనే మాట కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టార్ అనే పేరుకు పొడి అక్షరాల రూపం. కైమెరా అనగా గ్రీకు పురాణాలలో వేర్వేరు జంతువుల అవయవాలు కలిసిన ప్రాణి. మన నరసింహావతారాన్ని తలచుకుంటే భావం సులభంగా బోధపడుతుంది. రెండు వేర్వేరు జాతుల శక్తులు ఒకే దేహంలో కూడి ఉండటమే దీనిలోని విశేషం.

యాంటీబాడీకి శత్రువును పోల్చే నేర్పు ఎక్కువ, కాని స్వయంగా చంపే శక్తి తక్కువ. టి కణానికి చంపే శక్తి ఎక్కువ, కాని ఈ క్యాన్సర్‌ను పోల్చుకొనే చూపు లేదు. కార్ అనే గ్రాహకం ఈ రెండింటినీ కలుపుతుంది. టి కణం వెలుపల యాంటీబాడీకి చెందిన గుర్తుపట్టే భాగం, లోపల టి కణాన్ని పోరుకు ప్రేరేపించే భాగం అమర్చబడతాయి. ఇటువంటి కణాల రూపకల్పనకు 1980ల చివరలో జపాన్‌లో కువానా బృందం, ఇజ్రాయెల్‌లో జెలిగ్ ఎష్హార్ బృందం పునాది వేశాయి.

ఈ కొత్త చూపు దేనిని వెతకాలి? బి కణాలు అనే తెల్లకణాల పైపొర మీద సి.డి.19 అనే మాంసకృత్తు ఉంటుంది. బి కణాల నుండి పుట్టిన ల్యుకేమియా, లింఫోమాలలో అధిక భాగంలో కూడా ఇది ఉంటుంది. గుండె, కాలేయం, మూత్రపిండాల కణాల మీద ఉండదు. కావున సి.డి.19ని గురిగా పెట్టుకున్న కార్-టి కణం ఆ అవయవాలను విడిచి బి కణాలను మాత్రమే సంహరిస్తుంది. మైలోమాకు బి.సి.ఎం.ఎ. అనే మరొక గురి ఉపయోగిస్తున్నారు.

ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించాలి. మంచి బి కణాల మీద కూడా సి.డి.19 ఉన్నందున అవి కూడా నశిస్తాయి. అందువలన చికిత్స తరువాత కొంతకాలం రోగిలో యాంటీబాడీలు తగ్గి, ఇన్‌ఫెక్షన్లు సులభంగా సోకవచ్చు. అవసరమైన వారికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజక్షన్లు ఇస్తారు.

చికిత్సా క్రమం

1. కణ సేకరణ: రోగి నరం నుండి రక్తాన్ని ఒక యంత్రం గుండా పంపి, తెల్లకణాలను వేరు చేసి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. దీనికి కొన్ని గంటలు పడుతుంది. ఇందులో శస్త్రచికిత్స ఏదీ లేదు.

2. కణాలను మార్చడం: ప్రయోగశాలలో టి కణాలను వేరు చేసి, వాటిలోనికి కార్ జన్యువును ప్రవేశపెడతారు. ఇందుకు సాధారణంగా రోగం కలిగించే శక్తి తొలగించిన వైరస్‌ను వాహనంగా వాడతారు. తరువాత ఆ కణాలను కోట్ల సంఖ్యలో పెంచి, శుద్ధతను పరీక్షిస్తారు. ఇదంతా జరగడానికి రెండు మూడు వారాలు, కొన్ని సందర్భాలలో అంతకు మించి పట్టవచ్చు.

3. చోటు కల్పించడం: కొత్త కణాలు నిలదొక్కుకొనడానికి రోగికి కొద్ది దినాలు తేలికపాటి కీమోథెరపీ ఇచ్చి, ఉన్న తెల్లకణాలను తగ్గిస్తారు. ఇక్కడ నిరోధక శక్తిని పెంచడానికి మారుగా ముందుగా తగ్గించడమే జరుగుతున్నదని పాఠకులు గమనించాలి.

4. తిరిగి ఎక్కించడం: సిద్ధమైన కణాలను రక్తం ఎక్కించినట్లే నరం ద్వారా ఎక్కిస్తారు. ఇది ఒక గంటలోపు పని.

5. కనిపెట్టి ఉండటం: అసలు పరీక్షాకాలం ఇక్కడ మొదలవుతుంది. తరువాతి కొన్ని వారాలు రోగి ఆసుపత్రిలో గాని, ఆసుపత్రికి అతి సమీపంలో గాని ఉండాలి.

ఇది మాత్రల వలె నెలల తరబడి వాడే మందు కాదు. ఎక్కించిన కణాలు ప్రాణమున్నవి. అవి శరీరంలో వృద్ధి చెందుతాయి. 2010లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఈ చికిత్స పొందిన ఇద్దరు ల్యుకేమియా రోగులలో పది సంవత్సరాల తరువాత కూడా ఆ కణాలు సజీవంగా ఉన్నట్లు 2022లో ప్రకటించారు.

అమృతంలోనూ విషగుణం

కార్-టి కణాలు శత్రువుతో తలపడినప్పుడు సైటోకైన్లు అనే రసాయనాలు రక్తంలోనికి వెల్లువగా విడుదల అవుతాయి. తీవ్రమైన జ్వరం, రక్తపోటు పడిపోవడం, ఊపిరి అందకపోవడం సంభవిస్తాయి. కొందరిలో మాట తడబడటం, అయోమయం, మూర్ఛ వంటి నాడీ లక్షణాలు కనిపిస్తాయి. సకాలంలో చికిత్స అందకపోతే ఇవి ప్రాణాపాయం కలిగిస్తాయి.

2012 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల బాలికకు ఈ చికిత్స చేశారు. ఆమెకు ల్యుకేమియా రెండుసార్లు తిరగబెట్టినది. కణాలు ఎక్కించిన కొద్ది దినాలకు ఆమె మృత్యుముఖంలోకి వెళ్లినది. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్ విపరీతంగా పెరిగినట్లు పరీక్షలో తేలింది. పరిశోధన నాయకుడు కార్ల్ జూన్ కుమార్తెకు కీళ్లవాత వ్యాధి ఉన్నందున, ఆ వ్యాధిలో ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకొనే టోసిలిజుమాబ్ అనే ఔషధం ఉన్నదని ఆయనకు తెలుసు. డాక్టర్ స్టీఫన్ గ్రప్ బృందం ఆ మందు ఇవ్వగా బాలిక కోలుకున్నది. పది సంవత్సరాలు గడచినా ఆమెకు క్యాన్సర్ తిరిగి రాలేదు. 2017 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఈ కోవలో మొట్టమొదటి ఔషధానికి అనుమతి ఇచ్చింది.

ఆ తరువాత లక్షణాలను ముందే పసికట్టి అదుపు చేసే పద్ధతులు మెరుగయ్యాయి. అయినప్పటికీ ఇంటెన్సివ్ కేర్ వసతి గల పెద్ద ఆసుపత్రిలో తప్ప మరెక్కడా చేయదగిన వైద్యం కాదు.

మన దేశంలో ఎంతవరకు వచ్చింది?

అమెరికాలో ఆ మొదటి ఔషధం ధర 4,75,000 డాలర్లుగా నిర్ణయించారు. మన దేశంలో ఎంత సంపన్నుడైనా వెనుకాడే మొత్తం అది. బొంబాయి ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ రాహుల్ పుర్వార్ బృందం, టాటా మెమోరియల్ వైద్యుల సహకారంతో స్వదేశంలోనే కార్-టి కణాలను రూపొందించింది. 2021 జూన్ 4న నవీ ముంబయిలోని టాటా మెమోరియల్ కేంద్రంలో ఈ కణాలను తొలిసారి ఒక రోగికి ఎక్కించారు. 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెక్స్‌కార్19 అనే పేరుతో దీనికి అనుమతి ఇచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని జాతికి అంకితం చేశారు. 2025 జనవరిలో బెంగుళూరుకు చెందిన ఇమ్యునీల్ సంస్థ లింఫోమా రోగులకు మరొక కార్-టి ఔషధాన్ని విడుదల చేసింది. మన హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కుటుంబంలోని ఆరిజీన్ సంస్థ మైలోమాకు కార్-టి చికిత్సపై మన దేశంలోనే ప్రయోగాలు జరిపింది.

నెక్స్‌కార్19 ఫలితాలను 2025లో లాన్సెట్ హెమటాలజీ పత్రికలో ప్రకటించారు. 64 మంది రోగులు పాల్గొన్నారు. ఫలితం లెక్కింపుకు వచ్చిన 51 మందిలో సుమారు 73 శాతం మందికి వ్యాధి తగ్గుముఖం పట్టినది. వీరందరూ ఇతర చికిత్సలు విఫలమైన వారే కావున ఇది గొప్ప సంగతి. అయితే తగ్గుముఖం పట్టిన వారందరికీ ఆ మేలు శాశ్వతంగా నిలవలేదు. కొందరిలో కొద్ది నెలలకే వ్యాధి తిరగబెట్టినది. సి.డి.19 గుర్తును వదిలివేసి కొత్త వేషంలో తిరిగి వచ్చే క్యాన్సర్ కణాలు కూడా ఉన్నాయి. ఆశను, హద్దును రెండింటినీ పాఠకులు పక్కపక్కనే ఉంచుకోవాలి.

దీని ఖర్చు అమెరికా ధరలో దాదాపు పదవ వంతు, అనగా 30 – 40 లక్షల రూపాయల స్థాయిలో ఉన్నది. మైలవరం మామిడి రైతుకు గాని, జగ్గయ్యపేట సిమెంటు కర్మాగార కార్మికునికి గాని ఇది అందని ధరే. అందుచేత పొలం అమ్మే ముందు తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది.

ఇది ఎవరికి, ఎవరికి కాదు?

రక్త క్యాన్సర్ అనగానే కార్-టి కాదు. మన దేశంలో నెక్స్‌కార్19 అనుమతి 15 సంవత్సరాలు, ఆపై వయస్సు గల వారిలో, బి కణ జాతి ల్యుకేమియా లేక లింఫోమా తిరగబెట్టినప్పుడు గాని, ఇతర చికిత్సలకు లొంగనప్పుడు గాని వాడటానికే ఉన్నది. మైలాయిడ్ జాతి ల్యుకేమియాకు ఇది వర్తించదు.

ఇంతకంటె ముఖ్యమైనది, పిల్లలలో వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా మంచి కేంద్రాలలో సక్రమంగా, సంపూర్ణంగా కీమోథెరపీ తీసుకుంటే అధిక శాతం మందిలో పూర్తిగా నయమవుతుంది. సుబ్బారావు నాటి ఔషధాల వారసత్వమే ఆ చికిత్స. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలు ఈ వైద్యం అందిస్తున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించే ఆసుపత్రులలో ఆరోగ్యమిత్రను కలిసి, ఏ చికిత్సకు ఎంత సహాయం లభిస్తుందో ముందుగానే విచారించాలి. మొదటి చికిత్సను మధ్యలో విడిచి, కార్-టి కొరకు అప్పులు చేయడం విజ్ఞత కాదు. మొదటి అవకాశమే అన్నింటికంటె పెద్ద అవకాశం.

మన ప్రాంతంలో ఆలస్యం ఎక్కడ జరుగుతున్నది?

నా అనుభవంలో మూడు చోట్ల కాలం వృథా అవుతున్నది.

మొదటిది ప్లేట్‌లెట్ల విషయం. వానాకాలంలో జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు తగ్గగానే డెంగీ అని భావించి బొప్పాయి ఆకు రసం తాగిస్తారు. డెంగీలో పడిపోయిన ప్లేట్‌లెట్లు సాధారణంగా వారం పది దినాలలో వాటంతట అవే పెరుగుతాయి. రెండు వారాలు దాటినా పెరగకపోతే, లేక వాటితో పాటు హిమోగ్లోబిన్ కూడా పడిపోతూ ఉంటే, తెల్లకణాలు అతిగా పెరిగినా, అతిగా తగ్గినా అది డెంగీ లెక్క కాదు. వెంటనే రక్తకణాల పూర్తి పరీక్షతో పాటు పెరిఫెరల్ స్మియర్ చేయించాలి. గాజు పలక మీద రక్తపు చుక్కను పరచి సూక్ష్మదర్శినిలో చూసే ఈ చిన్న పరీక్షలోనే చాలా సందర్భాలలో తొలి ఆధారం దొరుకుతుంది. కొద్ది వందల రూపాయల ఖర్చుతో పోయే పని.

రెండవది రక్తహీనత. పాలిపోయిన వారికి లోహభస్మ యోగాలు, ఖర్జూరం, బీట్‌రూట్ ఇస్తూ నెలలు గడుపుతారు. ఇనుము లోపం వల్ల వచ్చిన పాండురోగం సరైన మందుతో ఒక నెలలో మెరుగు చూపాలి. చూపకపోతే కారణం వేరు. పిల్లవాడు కాళ్ల ఎముకలు నొప్పి అని రాత్రులు ఏడవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు పడటం, మెడలోనో చంకలోనో నొప్పి లేని బిళ్లలు పెరగడం, రాత్రి పూట పక్క తడిసేలా చెమటలు పట్టడం, కారణం లేకుండా బరువు తగ్గడం వీటిలో ఏది కనిపించినా ఉపేక్షించరాదు.

మూడవది మన పొరుగున ఉన్న ఎ.కొండూరు మండలానికి సంబంధించినది. అక్కడి తండాలలో మూత్రపిండాల వ్యాధి ఎంతగా ప్రబలినదో మనందరికీ తెలుసు. ఈ కారణంగా ఈ చుట్టుపక్కల ఏ వృద్ధునికి క్రియాటినిన్ పెరిగినా నీటి దోషమని అనుకొని ఊరుకుంటారు. మల్టిపుల్ మైలోమా కూడా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రపిండాల వ్యాధితో పాటు విడువని నడుము నొప్పి, తీవ్రమైన రక్తహీనత, చిన్న తాకిడికే ఎముక విరగడం ఉంటే సీరం ప్రొటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్ అనే పరీక్ష గురించి వైద్యుని అడగండి. ప్రతి మూత్రపిండాల రోగికీ మైలోమా ఉండదు, కాని ఉన్న వానికి డయాలసిస్ ఒక్కటే సరిపోదు.

చికిత్సా కాలంలో ఆయుర్వేదం స్థానం

ఆయుర్వేద అభిమానులు నిరాశ చెందనక్కర లేదు. మన పరిధి ఏదో తెలుసుకొని సేవ చేయడమే శాస్త్రానికి గౌరవం. సాధ్యాసాధ్య విచారణ చేయకుండా చికిత్సకు పూనుకోరాదని మన ఆచార్యులే విధించారు.

కీమోథెరపీ లేక కార్-టి చికిత్స పొందుతున్న వారు తిప్పతీగ, అశ్వగంధ మొదలైన వాటిని తమ క్యాన్సర్ వైద్యునికి చెప్పకుండా వాడరాదు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయపు వాపును గుర్తించినట్లు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించినది. ఆ వివాదం ఎట్లా ఉన్నప్పటికీ, కాలేయ పరీక్షలను బట్టి మందు మోతాదు నిర్ణయించే కాలంలో ఆ పరీక్షలను తారుమారు చేయగల ఏ పదార్థమూ తగదు. పాదరసం, సీసం గల భస్మాలకు కూడా ఇదే నియమం.

తెల్లకణాలు తగ్గిన దినాలలో పచ్చి ఆకుల రసాలు, గోధుమగడ్డి రసం, కాచని పాలు ఇవ్వరాదు. ఆరోగ్యవంతునికి మేలు చేసే పచ్చి ఆకు మీది సూక్ష్మజీవి ఆ రోగికి ప్రాణాంతకం కావచ్చు. మన పేయాది క్రమం ఇక్కడ చక్కగా ఉపయోగిస్తుంది. మొదట పలుచని గంజి, తరువాత చిక్కని జావ, పెసరకట్టు, ఆపై మెత్తని అన్నం, ఉడికిన కూరలు అప్పటికప్పుడు వండి వేడిగా ఇవ్వాలి. నోటిపూత ఉన్నప్పుడు కారం, పులుపు మానిపించి, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపజేయాలి. వంటలో వేసే పసుపు, జీలకర్రలకు అభ్యంతరం లేదు. రోగి గదిలోనికి జలుబు, దగ్గు ఉన్నవారిని రానివ్వరాదు. ధర్మామీటరు దగ్గర ఉంచుకోవాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రి అయినా కషాయం కాచకుండా ఆసుపత్రికి బయలుదేరాలి.

కార్-టి చికిత్స గురించి వైద్యుని కలిసేటప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద వ్రాసుకొని వెళ్లండి. మా వ్యాధి బి కణ జాతికి చెందినదా? సి.డి.19 పరీక్ష చేశారా? ఇంకా మిగిలి ఉన్న ఇతర చికిత్సలు ఏవి? కణాలు సిద్ధమయ్యే వారాలలో వ్యాధిని ఎట్లా అదుపులో ఉంచుతారు? ఆసుపత్రి ఖర్చులతో కలిపి మొత్తం ఎంత? వ్యాధి తిరగబెడితే తరువాతి మార్గం ఏమిటి? ఈ ఆరు ప్రశ్నలకు సమాధానాలు విన్న తరువాతనే నిర్ణయం తీసుకోండి.

విడువని జ్వరం, పాలిపోవడం, కమిలిన మచ్చలు, నొప్పి లేని బిళ్లలు మీ ఇంటిలో ఎవరికైనా ఉంటే మాత్రం ఈ పత్రికను పక్కన పెట్టి, ముందు స్మియర్ పరీక్ష చేయించండి. ఆ కాగితం చేతికి వచ్చిన తరువాత ఏ వైద్యునితోనైనా మాట్లాడవచ్చు.